పంచకోశ వివేకమా, అవస్థాత్రయ విచారమా: ఆత్మను తెలుసుకొనడానికి ఏది మేలు?

హనుమకొండలో ఆదివారం సాయంత్రాలు మేము కొందరం కలిసి కూర్చుని ఉపనిషత్తులు చదువుకొంటూ ఉంటాము. కొత్తగా చేరినవారు మొదటి వారంలోనో రెండవ వారంలోనో తప్పనిసరిగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. నేనెవరో తెలుసుకొనడానికి ఆత్మను కప్పినట్లుండే అయిదు పొరల, అంటే పంచకోశాల దారి పట్టాలా, మెలకువ, కల, నిద్ర అనే మూడు అవస్థల దారి పట్టాలా, రెండూ శాస్త్రం చెప్పినవే అయినప్పుడు దేనితో మొదలుపెట్టాలి అని. “ఏదైనా ఒకటే, చివరకు చేరేది ఒక్కచోటికే” అని ఇన్నాళ్లూ చెప్పి తప్పించుకొనేవాడిని. ఆ మాట అబద్ధం కాదు గాని, వరంగల్‌లో నిలబడి కాళేశ్వరానికి దారి అడిగినవానితో ఈ నీళ్లన్నీ గోదావరికే పోతాయని చెప్పినట్లు ఉంటుంది.

ఈ ఏడాది మా పఠనాన్ని మొదటిసారిగా మాండూక్యోపనిషత్తుతో ప్రారంభించాను. అంతకుముందు తత్త్వబోధ అనే చిన్న ప్రవేశగ్రంథంతో మొదలుపెట్టి, అందులోని కోశాల వివరణను ఆధారం చేసుకొని తైత్తిరీయానికి వెళ్లడం మాకు అలవాటు. ఆ అలవాటును ఎందుకు మార్చానని పాతవారు కూడా అడుగుతున్నారు కనుక, రెండు ప్రక్రియలనూ పక్కపక్కన పెట్టి నాకు తోచినది చెబుతాను. అధ్యాస (ఒకదానిని మరొకటిగా పొరపడడం) అంటే ఏమిటి, సాక్షి (అన్నిటినీ చూచే ఎరుక) అంటే ఎవరు వంటి మొదటి మెట్టు విషయాలు చదువరులకు తెలిసినవేనని అనుకొంటున్నాను.

ముందుగా పంచకోశ వివేకం. దీనికి మూలం తైత్తిరీయోపనిషత్తులోని బ్రహ్మానందవల్లి, భృగువల్లి. తెలుగునాట వైదిక కుటుంబాలలో కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖవారే ఎక్కువ కనుక, అర్థం తెలియకపోయినా ఈ పాఠం చెవిన పడని ఊరు మనకు తక్కువ. వరుణుని కుమారుడైన భృగువు తండ్రిని బ్రహ్మమంటే ఏమిటని అడగడం, తండ్రి లక్షణం మాత్రం చెప్పి తపస్సు చేసి తెలుసుకొమ్మని పంపడం, అతడు అన్నమే బ్రహ్మమని తెలుసుకొని మళ్లీ రావడం, తిరిగి తపస్సు చేసి ప్రాణమని, ఆపైన మనస్సని, విజ్ఞానమని, చివరకు ఆనందమని తెలుసుకోవడం అందులోని కథ. తండ్రి ఏ మెట్టు దగ్గరా “అది తప్పు” అనలేదు, “తపసా బ్రహ్మ విజిజ్ఞాసస్వ” అని మళ్లీ పంపించాడు. చదువు చెప్పేవారు ఈ ఒక్క విషయాన్ని గమనించినా చాలుననిపిస్తుంది.

ఈ ప్రక్రియకు ఉన్న బలం దాని మెట్లలోనే ఉన్నది. మనిషి తనను తాను ఎక్కడ తప్పుగా అనుకొంటున్నాడో అక్కడి నుంచే ఎత్తుకొంటుంది. “నేను బక్కగా ఉన్నాను” అన్నప్పుడు అన్నమయాన్ని, “నాకు ఆకలిగా ఉన్నది” అన్నప్పుడు ప్రాణమయాన్ని, “నాకు దిగులుగా ఉన్నది” అన్నప్పుడు మనోమయాన్ని, “ఇది నేను చేశాను” అన్నప్పుడు విజ్ఞానమయాన్ని (బుద్ధిని), “హాయిగా ఉన్నాను” అన్నప్పుడు ఆనందమయాన్ని మనం నేనుగా పట్టుకొంటున్నామని చూపుతుంది. విద్యారణ్యులు పంచదశి అనే అద్వైత గ్రంథం మూడవ ప్రకరణంలో ఈ వరుసనే “దేహాదభ్యంతరః ప్రాణః ప్రాణాదభ్యంతరం మనః” (దేహానికి లోపల ప్రాణం, ప్రాణానికి లోపల మనస్సు) అని చెప్పి, ఒకదానిలో ఒకటిగా ఉన్న ఈ పరంపరకే గుహ అని పేరు పెట్టారు. జబ్బుతో తీసుకొంటున్నవారికి, శరీరాన్ని గురించిన భయం ఎక్కువగా ఉన్నవారికి ఈ మెట్లు ఇచ్చే ఊరట మరొకటి ఇవ్వదని నేను చూశాను, ఆ మాటను తగ్గించి చెప్పే ఉద్దేశం నాకు లేదు.

చిక్కు ఆ “లోపల” అన్న మాట దగ్గర వస్తుంది. ఆత్మబోధ అనే గ్రంథంలో వడ్లను దంచి ఊక పొట్టు తీసివేసి బియ్యాన్ని వేరు చేసినట్లు, యుక్తి అనే దంపుతో కోశాల నుంచి ఆత్మను వేరు చేసుకోవాలన్న ఉపమానం ఉన్నది. వరి పండే మా జిల్లాలలో దీనిని వివరించనవసరం లేదు. కాని దంచిన తరువాత బియ్యం చేతికి వస్తుంది, చెరిగి చూడవచ్చు, కొలవవచ్చు. వినేవాడు ఈ ఉపమానాన్ని పట్టుకొని, అయిదు పొరలు తీసిన తరువాత ఆత్మ కూడా అలాగే ఆరవ వస్తువుగా దొరుకుతుందని ఎదురుచూస్తాడు. దొరకదు. అప్పుడు ఉల్లిగడ్డ పొరలన్నీ ఒలిచి చివర ఏమీ మిగలలేదన్నవాని స్థితి అతనికి వస్తుంది. విద్యారణ్యులు ఈ సందేహాన్ని దాచలేదు, ప్రశ్నగా తామే ఎత్తారు. దేహం మొదలు నిద్రలోని ఆనందం వరకు ఏదీ ఆత్మ కాకపోతే కాకపోనీ, మరొకటి మాత్రం అనుభవానికి రావడం లేదు కదా అన్నది ఆ ప్రశ్న. దానికి వారి సమాధానం ఇది: “బాఢం నిద్రాదయః సర్వేఽనుభూయంతే న చేతరః, తథాప్యేతేఽనుభూయంతే యేన తం కో నివారయేత్.” నిజమే, నిద్ర మొదలైనవే అనుభవానికి వస్తాయి, వేరొకటి రాదు, అయినా ఇవన్నీ ఎవని వలన అనుభవానికి వస్తున్నాయో వానిని కాదనగలవాడెవడు?

రెండవ చిక్కు ఆనందమయం దగ్గర. నేను ఈ మార్గంలో చదువుకొన్న రోజులలో ఇక్కడే చాలాకాలం నిలిచిపోయాను. ధ్యానంలో కొంత నెమ్మది చిక్కినప్పుడల్లా ఇదే కాబోలు ఆత్మ అని సంబరపడడం, మరునాటికి అది కనిపించకపోతే ఆత్మ పోయినట్లు దిగులు పడడం నా పని అయింది. ఉపనిషత్తు ఆనందమయాన్ని పక్షిగా వర్ణిస్తూ ప్రియం తల అని, మోదం కుడి రెక్క అని, ప్రమోదం ఎడమ రెక్క అని, ఆనందం మొండెమని, “బ్రహ్మ పుచ్ఛం ప్రతిష్ఠా” అని చెప్పింది. ఈ ఆనందమయమే బ్రహ్మమా, లేక తోకగా, ఆధారంగా చెప్పినదే బ్రహ్మమా అన్న విషయం మీద బ్రహ్మసూత్రాలలో ఆనందమయాధికరణం అని ఒక అధికరణమే (ఒక విషయాన్ని విచారించే భాగమే) ఉన్నది. రామానుజులు ఆనందమయమే పరబ్రహ్మమని నిలబెట్టారు. శంకరులు ఆ పక్షాన్ని ముందు వివరించి, ఆ తరువాత దానిని కాదని, ఆనందమయం కూడా కోశమేనని, పుచ్ఛంగా చెప్పినదే ముఖ్యబ్రహ్మమని తమ నిర్ణయం చెప్పారు. ఇద్దరు భాష్యకారులు ఇంత లోతుగా విభేదించిన చోట, ఆదివారం సాయంత్రం గంటసేపు చదువుకొనేవాడు తడబడడంలో వింత లేదు.

ఇక అవస్థాత్రయ విచారం. మాండూక్యంలో మంత్రాలు పన్నెండే. వాటి మీద గౌడపాదులు నాలుగు ప్రకరణాలలో రాసిన కారికలు (వివరణ శ్లోకాలు) 215. “మాండూక్యమేకమేవాలం ముముక్షూణాం విముక్తయే” అని, మోక్షం కోరేవారికి ఈ ఒక్కటే చాలునని ముక్తికోపనిషత్తు దీనిని ప్రశంసించింది. మెలకువలోని వైశ్వానరుడు, కలలోని తైజసుడు, గాఢనిద్రలోని ప్రాజ్ఞుడు అని ఒకే ఆత్మకు మూడు పాదాలు చెప్పి, నాలుగవదానిని ఏడవ మంత్రంలో “నాంతఃప్రజ్ఞం న బహిఃప్రజ్ఞం” అని మొదలుపెట్టి వరుసగా కాదు కాదంటూనే నిర్దేశించింది. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకునికి చెప్పిన పెద్ద చేప ఉపమానం కూడా ఈ విచారంలోనిదే. పెద్ద చేప నదికి ఈ గట్టుకూ ఆ గట్టుకూ తిరిగినట్లు, పురుషుడు కలకూ మెలకువకూ నడుమ తిరుగుతాడు. చేప ఏ గట్టుకూ చెందినది కాదు.

నేను దీనివైపు మొగ్గడానికి అసలు కారణం ఒక్కటే. అది శాస్త్రంలో వెదికితే దొరికినది కాదు, పంచదశి మొదటి ప్రకరణాన్ని మళ్లీ పాఠం చెబుతున్నప్పుడు కంటబడినది. పంచకోశ వివేకాన్ని అన్వయ వ్యతిరేకాలతో (ఏది లేకపోయినా ఏది నిలిచి ఉంటుందో చూసి తేల్చడంతో) చేయాలని అక్కడ చెప్పిన విద్యారణ్యులు, స్థూలదేహం ఆత్మ కాదనడానికి ఏ యుక్తి చూపారు? కలలో ఈ దేహం తోచదు, అయినా ఆత్మ ప్రకాశిస్తూనే ఉంటుంది, కనుక ఆత్మకు దేహం అవసరం లేదన్నారు. సూక్ష్మశరీరం (ప్రాణం, మనస్సు, బుద్ధి) కాదనడానికి గాఢనిద్రను సాక్ష్యం తెచ్చారు. మూడవ ప్రకరణంలో విజ్ఞానమయాన్ని తోసిపుచ్చేటప్పుడు కూడా, మెలకువలో గోళ్ల చివరి వరకు వ్యాపించి ఉండే బుద్ధి నిద్రలో లయిస్తుంది కాబట్టి అది ఆత్మ కాదన్నారు. అంటే కోశాలను ఒలిచే కత్తి అవస్థల దగ్గర అరువు తెచ్చుకొన్నదే. మూడు అవస్థల అనుభవాన్ని పక్కన పెట్టి అయిదు కోశాలను తీసివేయబోతే, “శరీరం నాది అంటున్నాను కాబట్టి నేను శరీరం కాదు” అన్న మాటల పొందిక తప్ప చేతిలో గట్టి యుక్తి మిగలదు. ఆ పొందికకు “నా ఆత్మ” అని కూడా అంటాము కదా అన్న ఎదురుప్రశ్న వెంటనే వస్తుంది, మా సభలో వచ్చింది కూడా. అరువు ఇచ్చినవాని దగ్గరికే నేరుగా వెళితే పని దగ్గర అవుతుంది కదా అన్నదే నా వాదం.

అయితే ఈ విచారమంతా గాఢనిద్ర మీద నిలబడి ఉన్నది. ఆ స్తంభం గట్టిదా కాదా అన్నది తేల్చకుండా దీనిని మేలైనదని చెప్పడం న్యాయం కాదు. ఛాందోగ్యంలో ప్రజాపతి దగ్గర మొత్తం 101 సంవత్సరాలు బ్రహ్మచర్యం చేసిన ఇంద్రుడే ఇక్కడ అభ్యంతరం చెప్పాడు. నిద్రపోయినవాడు ఆత్మ అని గురువు చెప్పగా దారిలో సగం దూరం వెళ్లి ఆలోచించి వెనక్కు వచ్చి, అప్పుడు ఇతడు “ఇది నేను” అని తనను తాను ఎరుగడు, ఈ ప్రాణులను ఎరుగడు, నశించినట్లే అవుతాడు, ఇందులో నాకు ప్రయోజనం కనిపించడం లేదని నిలబెట్టి అడిగాడు. ఇంద్రునితో పాటు వచ్చిన అసురరాజు విరోచనుడు నీళ్లలోని నీడను చూసి తృప్తిపడి వెళ్లిపోయిన చోట, నిద్రను చూసి భయపడి తిరిగి వచ్చినందువల్లనే ఇంద్రునికి తత్త్వం దక్కింది.

నిద్రలేచినవాడు “సుఖంగా నిద్రపోయాను, నాకేమీ తెలియలేదు” అంటాడు. ఈ మాట జ్ఞాపకమా, ఊహా? న్యాయదర్శనం వారైన నైయాయికులు ఇది అనుమానమే (గుర్తులను బట్టి ఊహించి తేల్చినదే) అంటారు. ఒళ్లు తేలికగా ఉన్నది, పొద్దెక్కింది, నడుమ ఏమీ గుర్తు లేదు, కాబట్టి అప్పుడు జ్ఞానం లేదని లేచిన తరువాత ఊహిస్తున్నామని వారి వాదం. అద్వైతులలో ‘వివరణ’ అనే వ్యాఖ్యను అనుసరించే సంప్రదాయం వారు ఇది జ్ఞాపకమేనని, అనుభవం లేనిదే జ్ఞాపకం ఉండదు కాబట్టి అజ్ఞానాన్ని కూడా అప్పుడు చూసిన సాక్షి ఉన్నాడని సమాధానం చెబుతారు. శంకరుల శిష్యులైన సురేశ్వరులు తమ వార్తికంలో (భాష్యం మీది శ్లోకవ్యాఖ్యలో) దీనిని స్మృతిగా ఒప్పుకోలేదు కనుక అద్వైతులందరిదీ ఒకే మాట కూడా కాదు. గుర్తు లేనంత మాత్రాన జ్ఞానం లేదనలేమన్నది మాత్రం నాకు గట్టిగా కనిపిస్తుంది. హనుమకొండ నుంచి కరీంనగర్ దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లినవానికి దారిలోని చెట్లలో ఒక్కటీ గుర్తుండకపోవచ్చు, అంతమాత్రాన కళ్లు మూసుకొని వెళ్లాడని తేల్చలేము.

ఈ వాదోపవాదాలన్నీ చెప్పి అలసిపోయిన రోజున, భూపాలపల్లి వైపు బొగ్గుబాయిలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన ఒక పెద్దమనిషి వెనుక వరుసలో నుంచి లేచి చెప్పిన మాట నాకు భాష్యంలా తోచింది. “బాయిల దీపం ఆరిపోతె ఏం కనబడది సార్. చెయ్యి మొఖం ముంగట పెట్టుకున్న కనబడది. కాని ఏం కనబడ్తలేదన్నది నాకు తెలుస్తనే ఉంటది గద” అన్నాడాయన. భూమి అడుగున, వెలుతురు సందు లేని చోట, చూడదగిన వస్తువులన్నీ మాయమైనప్పుడు చూపు మాయం కాలేదు, చూడవలసినది లేకపోయింది. యాజ్ఞవల్క్యుడు సుషుప్తిని (గాఢనిద్రను) గురించి చెప్పినది అక్షరాలా ఇదే. “న హి ద్రష్టుర్దృష్టేర్విపరిలోపో విద్యతేఽవినాశిత్వాత్”, చూచేవాని చూపునకు లోపం లేదు, అది నశించేది కాదు కనుక; చూడడానికి తనకంటె వేరైన రెండవది అక్కడ లేదు, అంతే.

ఈ మాట విన్నప్పుడు మా ప్రాంతంవారికి పోతన గుర్తుకు రాకుండా ఉండడు. ఇప్పటి జనగామ జిల్లాలో ఉన్న బమ్మెర ఆయన ఊరని ఇక్కడివారు గర్వంగా చెప్పుకొంటారు. గజేంద్రుని నోట ఆయన పలికించిన “లోకంబులు లోకేశులు లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెంజీకటి కవ్వల నెవ్వడు నేకాకృతి వెలుగు నతని నే సేవింతున్” అన్న పద్యం బడి పిల్లలకు కూడా కంఠస్థమే. సంస్కృత భాగవతంలో గహనమైన తమస్సుకు ఆవలి ఒడ్డున వెలిగే విభువని ఉన్నదానికి ఇది తెలుగు. పద్యం ప్రళయాన్ని గురించినది, భక్తుడు ఈశ్వరుని పిలుస్తున్న సందర్భం, అది మరచిపోకూడదు. అయినా లోకాలు తెగిపోయినప్పటి పెంజీకటిని మనం ప్రతి రాత్రీ చూస్తూనే ఉన్నాము, దాని అవతల వెలిగేవాడు లేకపోతే ఆ చీకటిని చూశామని పొద్దున చెప్పగలిగేవాళ్లం కాము. పంచకోశ వివేకంలో ఇంత సూటిగా నా అనుభవంలోని చీకటిని నా ముందు పెట్టిన మెట్టు నాకు కనిపించలేదు. ఆనందమయాన్ని కారణశరీరమని (స్థూల, సూక్ష్మ శరీరాలకు బీజమని), అది సుషుప్తితో సమానమని అక్కడా చెబుతారు, కాని “ఆనంద” శబ్దం వినగానే మనస్సు ఆ చీకటిని వదిలి తీపి కోసం వెదకడం మొదలుపెడుతుంది.

అవస్థాత్రయానికీ తనదైన ప్రమాదం ఉన్నది, అది చిన్నదేమీ కాదు. తురీయమంటే నాలుగవది కనుక, మూడు అవస్థల తరువాత ఎప్పుడో ధ్యానంలో వచ్చే నాలుగవ అవస్థ అని చాలామంది అనుకొంటారు. మంత్రంలో “చతుర్థం మన్యంతే” అన్నారు, నాలుగవదిగా తలుస్తారని మాత్రమే. దీనికి మా ఊరి వేయిస్తంభాల గుడినే నేను గుర్తు చేస్తుంటాను. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి త్రికూటాలయం. రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు మూడు గర్భగుడులలో ఉంటే, మూడింటికీ ఒకటే రంగమండపం నడుమ ఉన్నది. ఏ గర్భగుడిలోకి వెళ్లినా మండపం లోనుంచే వెళ్లాలి, మండపం మాత్రం నాలుగవ గర్భగుడి కాదు. ఉపమానం ఇంతవరకే, మండపాన్ని కంటితో చూడవచ్చు, తురీయాన్ని అలా చూడలేము కాబట్టి దీనిని ఇంకా సాగదీయడం మంచిది కాదు. ఇక రెండవ ప్రమాదం, కారికలలో లోకం మిథ్య అని చెప్పే వైతథ్య ప్రకరణాన్ని తొందరపడి చదివి, కలలాంటిదే కదా లోకమని ఇంటి పనులు ఎగవేసేవారిది. అటువంటివారిని వేదాంతం కంటె వారి ఇంటివారే తొందరగా దారికి తెస్తారు. మొదటిదైన ఆగమ ప్రకరణంలోని 29 కారికలు నలిగేవరకు మిగిలిన ప్రకరణాలు తెరవకపోవడం మంచిదని, చివరిదైన అలాతశాంతిలోని నూరు కారికలకు తర్కంతో పరిచయం కావాలని నా అనుభవం.

మిగిలిన ప్రక్రియలను గురించి అడిగేవారు కూడా ఉన్నారు. దృగ్దృశ్య వివేకం, “రూపం దృశ్యం లోచనం దృక్” అని మొదలయ్యే 46 శ్లోకాలతో చక్కగా, క్లుప్తంగా ఉంటుంది. సాక్షిని వేరు చేసి చూపడంలో దానికి సాటి లేదు, అయితే అక్కడే ఆగిపోతే చూచేవాడు ఒకడు, చూడబడేది ఒకటి అని, రెండు తత్త్వాలు వేరువేరనే సాంఖ్యుల ఇంటి అరుగు మీదే కూర్చున్నట్లవుతుంది. కుండ, మట్టి ఉపమానంతో నడిచే కార్యకారణ ప్రక్రియ జగత్తును గురించి ప్రశ్న ఉన్నవారికి, నేనెవరన్న ప్రశ్న ఉన్నవారికి అది రెండవ అడుగు. సంస్కృతం అడ్డువచ్చేవారికి, ఓరుగల్లు మట్టెవాడకు చెందిన పరశురామపంతుల లింగమూర్తి తెలుగు పద్యాలలో చెప్పిన వేదాంత గ్రంథం సీతారామాంజనేయ సంవాదం ఉండనే ఉన్నది.

కనుక అడిగినవారికి ఇప్పుడు నేను చెబుతున్నది ఇది. శరీరబాధలో ఉన్నవారు, లేదా తైత్తిరీయం చిన్ననాటి నుంచి నోటికి వచ్చినవారు భృగువల్లితోనే మొదలుపెట్టండి. ఒక్కొక్క కోశాన్ని దాటేటప్పుడు “నిద్రలో ఇది ఉన్నదా, నేను ఉన్నానా” అన్న ప్రశ్నను పక్కన ఉంచుకొని దాటండి. మిగిలినవారు మాండూక్యంతో మొదలుపెట్టి, ఏడవ మంత్రం అయిన తరువాత భృగువల్లికి రండి, అప్పుడు కోశాలు పెట్టెలలా కనిపించవు. మా సభ ప్రస్తుతం అయిదవ మంత్రం దగ్గర, ప్రాజ్ఞుని దగ్గర ఉన్నది. బాయి పని చేసిన పెద్దమనిషి ఆ మంత్రంలోని “ఆనందమయో హ్యానందభుక్” అన్న మాటను పట్టుకొని, ఏమీ తెలియని చీకటిలో ఆనందం తినేది ఎవరు సార్ అని రెండు వారాలుగా అడుగుతున్నాడు. శాంకరభాష్యంలో ఆయాసం లేకపోవడమే అక్కడి ఆనందమని చెప్పిన పంక్తులను వచ్చే ఆదివారం ఆయన చేతనే చదివించాలని అనుకొంటున్నాము.